హవానా ఓపెన్ టాప్ కార్లు: అమ్మరు గాక అమ్మరు!

సినిమాలో ఓపెన్ టాప్ కారు కనబడిందంటే చాలు, హాల్లో కూర్చున్న మనకి సంగతి అర్థమైపోతుంది. ఇక పాట మొదలన్నమాట! హీరో ఒక చెయ్యి స్టీరింగ్ మీద వేస్తాడు, రెండో చెయ్యి గాలికి వదిలేస్తాడు. హీరోయిన్ తలకి చుట్టుకున్న స్కార్ఫు ఎగిరిపోతుంది. రెండు చరణాలు, నాలుగు మలుపులు... పాట సరి! ఆ తర్వాత ఆ కారు ఎవరిదో, ఎవరింటికి పోయిందో, దాన్ని ఎవరు తుడిచి పడుకోబెట్టారో ఏ ప్రేక్షకుడూ అడగడు.

నేను అడిగి వచ్చాను. అడగడానికి చాలా దూరమే వెళ్ళాను లెండి. క్యూబా దేశపు రాజధాని హవానా!

ఈ వూరు మీకు బొత్తిగా కొత్తేమీ కాదు. 2012లో వచ్చిన "ఏక్ థా టైగర్" చూశారా? సల్మాన్ ఖాన్, కత్రినా కైఫ్‌ల మీద "లాపతా" పాట తీసింది ఈ వీధుల్లోనే. 2017లో వచ్చిన "ది ఫేట్ ఆఫ్ ది ఫ్యూరియస్" మొదలయ్యేదీ ఇక్కడే. విన్ డీజిల్ ఒక పాత డొక్కు కారుతో పందెం కాసి, ఇంజను తగలబడుతూంటే రివర్సు గేర్లో గీత దాటి, కారుని సముద్రం పాలు చేసి తను దూకేస్తాడు చూడండి, ఆ సముద్రం హవానా సముద్రమే. అమెరికాకీ క్యూబాకీ మాటల్లేని రోజులు కాస్త సడలాక, 2016లో ఆ షూటింగు జరిగింది.

నేను వెళ్ళింది 2018 డిసెంబరులో. లాటిన్ అమెరికా దేశాల చిత్రాలకి హవానాలో 1979 నుంచీ పెద్ద ఫిలిం ఫెస్టివల్ జరుగుతోంది. ఆ యేడు నలభయ్యోది. పొద్దున పూట "యారా", "చాప్లిన్" థియేటర్లలో సినిమాలు, సాయంత్రం పూట రోడ్డు మీద కార్లు... నిజం చెప్పొద్దూ, సాయంత్రాలే ఎక్కువ గుర్తున్నాయి నాకు!

పార్కు ముందు పట్టుచీరలు

వూరి నడిబొడ్డున పార్కే సెంట్రల్ అని ఒక పార్కు వుంది. ఒక పక్క 1875 నాటి హోటల్ ఇంగ్లాటెర్రా, దాని పక్కన పెద్ద నాట్యశాల, ఇంకాస్త అవతల 1929లో పూర్తయిన కాపిటోలియో భవనం. ఈ పార్కు అంచున బారులు తీరి నిలబడి వుంటాయి మన కథానాయికలు. గులాబీరంగు షెవర్లే, నెమలికంఠం రంగు బ్యూక్, ఎర్ర ఫోర్డ్ ఫెయిర్‌లేన్, వెనకాల రెక్కలు మొలిచిన కాడిలాక్... పెళ్ళివారింటి ముందు పట్టుచీరలు కట్టుకుని నిలబడ్డ ముత్తయిదువల్లా వుంటాయంటే నమ్మండి! ఎండకి ఆ క్రోమియం మెరుపు కళ్ళు చెదిరిపోతుంది.

ఒక్కొక్కదాని వయసు 60 దాటింది. అన్నీ 1959కి ముందు అమెరికా నుంచి వచ్చినవే. వీటికి అక్కడివాళ్ళు పెట్టుకున్న ముద్దుపేరు "అల్మెంద్రోన్". అంటే పెద్ద బాదంకాయ అని! ఒంపులు తిరిగిన ఆ శరీరాన్ని చూస్తే పేరు సరిపోయిందనే అనిపిస్తుంది.

టూరిస్టుని ఎక్కించుకుని గంటసేపు వూరు తిప్పితే ఆ రోజుల్లో 30 నుంచి 50 డాలర్లు. సముద్రపు ఒడ్డున మలెకోన్ రోడ్డు, రెవల్యూషన్ మైదానం, హోటల్ నేషనల్, అల్మెందారెస్ నది వొడ్డున చెట్ల తోపు... ఇదీ రూటు. ఇంకో లెక్క కూడా చెబుతాను. ఆ యేడు క్యూబాలో సర్కారు ఉద్యోగి సగటు నెలజీతం సుమారు 30 డాలర్లు. అంటే సర్కారు ఉద్యోగికి నెల రోజుల కష్టం ఎంతో, ఈ పాత కారుకి ఒక గంట షికారు అంత!

"ఇంకేం, అందుకే అమ్మరు" అనేస్తారు మీరు. నేనూ మొదట అదే అనుకున్నాను. సగం నిజం కూడాను. కానీ ఆ లెక్కతో తేలని సంగతులు చాలా వున్నాయి.

నాలుగు తలుపులుంటే నకిలీ!

పార్కు దగ్గర ఒక కుర్ర డ్రైవరు నన్ను పక్కకి పిలిచి ఒక కిటుకు చెప్పాడు. "ఓపెన్ కారు కనబడితే ముందు తలుపులు లెక్కపెట్టు. రెండు వుంటే అసలు కావచ్చు. నాలుగు వుంటే రంపం పని!"

అదీ సంగతి. 1950ల నడిమి కాలంలో అమెరికా కంపెనీలు తయారుచేసిన ఓపెన్ కార్లు రెండు తలుపులవే. నాలుగు తలుపుల కారుకి టాప్ లేదంటే, ఎవరో పూర్వాశ్రమంలో సంసారపక్షంగా వున్న సెడాన్ కారు తెచ్చి, రంపంతో పైకప్పు కోసేశారన్నమాట! ఎందుకంటే టూరిస్టులు టాప్ వున్న కారు వైపు చూడనైనా చూడరు. టాప్ తీసేస్తే బాడీ ఊగిపోతుంది, గతుకుల్లో తలుపులు వాటంతటవే తెరుచుకుంటాయి. అందుకని కింద ఇనప కమ్మీలు వెల్డింగు చేస్తారు. వాన వస్తే? ప్రయాణికులు తడుస్తారు!

సినిమావాళ్ళ సెట్టింగులకి మనం నవ్వుతాం గానీ, ఈ సెట్టింగు రోడ్డు మీద నడుస్తూ అన్నం పెడుతోంది. ఇంకో తమాషా చూడండి. "గాడ్‌ఫాదర్" రెండో భాగంలో హవానా దృశ్యాలున్నాయి కదా, 1974లో అవి హవానాలో తీయడానికి వీల్లేక డొమినికన్ రిపబ్లిక్‌లో తీశారు. అక్కడ వూరు నకిలీ. ఇక్కడ వూరు అసలు, కారు టాప్ నకిలీ!

ఆ కుర్రాడు నడిపే కారు అతనిది కాదు. యజమాని వేరే. రోజుకి ఇంత అని కట్టి మిగిలింది తను తీసుకుంటాడు. "నీకీ కారంటే ఇష్టమేనా?" అన్నాను. "లిప్‌స్టిక్ పూసిన ట్రాక్టరు ఇది!" అన్నాడు. పొగా, శబ్దం చూస్తే ఆ మాట అబద్ధమనీ అనలేం. అందరూ ప్రేమించే నడుపుతున్నారని నేను రాస్తే అది సినిమా అవుతుంది, సత్యం కాదు.

చట్టం వేసిన ముడి

అసలు ఇన్ని పాత కార్లు ఒకే వూళ్ళో ఎందుకు మిగిలాయి? దానికి కాస్త చరిత్ర తెలియాలి.

అమెరికా కొసన వున్న కీ వెస్ట్ నుంచి హవానాకి దూరం సుమారు 170 కిలోమీటర్లు. 1950లలో కార్లతో సహా ఫెర్రీ ఎక్కి ఇటు వచ్చేసేవారు. హవానాలో జూదశాలలు, నైట్ క్లబ్బులు, డబ్బున్న దొరలు... కొత్త మోడలు అమెరికాలో దిగిన కొద్ది రోజులకే ఇక్కడ వీధుల్లో తిరిగేది. మలెకోన్ రోడ్డు మీద కారు రేసులు కూడా జరిగాయి. 1957లో ఆ రేసు గెలిచిన అర్జెంటీనా వీరుడు ఫాంగియోని, 1958లో రేసుకి ముందురోజు కాస్ట్రో మనుషులు హోటల్లోంచి ఎత్తుకుపోయారు! మర్నాడు రేసు ముగిశాక క్షేమంగా విడిచిపెట్టారు. సినిమా కథలా వుంది కదూ?

1959 జనవరిలో విప్లవం గెలిచింది. 1960లో అమెరికా సరుకులు ఆగడం మొదలై, 1962 ఫిబ్రవరిలో కెన్నెడీ సంతకంతో పూర్తి నిషేధం వచ్చింది. కొత్త కారు లేదు, పాత కారుకి స్పేర్ పార్టు లేదు. తర్వాత రష్యా నుంచి లాడాలు, మాస్క్‌విచ్‌లు వచ్చాయి గానీ, అవి సర్కారు ఇచ్చినవాళ్ళకే. ఇచ్చినవాళ్ళు కూడా అమ్ముకోడానికి వీల్లేదు.

ఇక్కడే వుంది మెలిక. స్వేచ్ఛగా కొనీ అమ్మీ చేసుకోగలిగినవి ఒక్క 1959కి ముందటి కార్లే! ఈ పద్ధతి 2011 అక్టోబరు 1న కొత్త చట్టం వచ్చేదాకా నడిచింది. అంటే అర్ధశతాబ్దం పాటు, సొంతం అనే మాటకి పూర్తి అర్థం వున్న బండి ఏదైనా వుంటే అది ఆ ముసలి షెవర్లేయే. అమ్ముకునే హక్కు వున్న ఒకే ఒక్క కారు, అమ్మితే మళ్ళీ కొనలేని కారు. మీరైతే అమ్ముతారా?

2014 జనవరిలో సర్కారు షోరూముల్లో కొత్త కార్లు కూడా ఎవరైనా కొనుక్కోవచ్చన్నారు. జనం పరుగెత్తుకెళ్ళి ధర చూసి గుండె పట్టుకున్నారు. ప్యూజో 508 ధర 2,62,000 డాలర్లు! నెలకి 30 డాలర్ల జీతగాడు అది కొనాలంటే ఎన్ని జన్మలు ఎత్తాలో మీరే లెక్క వేయండి. అలా, వదులుకుందామన్నా వీల్లేకుండా ముడి మీద ముడి పడిపోయింది.

షెడ్డులో సర్జరీ

ఒకరోజు సినిమా మానేసి ఒక మెకానిక్ షెడ్డుకి వెళ్ళాను. షెడ్డంటే షెడ్డు కాదు, పాత మేడ కింది వరండా. బానెట్ ఎత్తి చూపించాడు మెకానిక్. పైన అమెరికా, లోపల ప్రపంచమంతా! ఇంజను జపాన్ డీజిలు, బ్రేకులు రష్యా లాడావి, ఇంకేదో కొరియాది.

అసలు ఇంజన్లు చాలావరకు ఏనాడో పోయాయి. 1955 షెవర్లేలో వచ్చిన ఆరు సిలిండర్ల ఇంజను పెద్దది, దాదాపు 3.9 లీటర్లు. దాని దాహం తీర్చడం ఎవరివల్ల అవుతుంది? అందుకని మైలేజీ కోసం డీజిల్ ఇంజన్లు దింపారు. దొరకని భాగాన్ని లేత్ మిషన్ మీద తిప్పుకుంటారు. టింకరింగువాళ్ళు ఇనపరేకు సుత్తితో కొట్టి మడ్‌గార్డు ఒంపు తెస్తారు, దానిమీద పుట్టీ, దానిమీద రంగు. బ్రేక్ ఆయిల్ దొరకని రోజుల్లో షాంపూలాంటివి కలిపి పోసి నడిపామని చెప్పుకునేవాళ్ళూ వున్నారు. విని నవ్వాను గానీ, మర్నాడు ఆ కార్లోనే ఘాట్‌లాంటి దిగుడు దిగుతూంటే నవ్వు రాలేదు!

ఇంకో శత్రువు సముద్రం. మలెకోన్ 8 కిలోమీటర్ల పొడవునా సముద్రాన్ని ఆనుకుని వుంటుంది. చలికాలంలో ఉత్తరపు గాలి లేచిందంటే అలలు గోడ దాటి రోడ్డు మీద విరుచుకుపడతాయి. టూరిస్టులకి అది ఫోటో. కారు యజమానికి అది తుప్పు. గాలి తిరిగిందని తెలిస్తే తెలిసిన డ్రైవరు ఆ రోడ్డు మొహం చూడడు. ఉప్పునీళ్ళు పడ్డ రోజు రాత్రి ఎంత పొద్దుపోయినా మంచినీళ్ళతో కడిగే పడుకుంటాడు.

దీనివల్ల ఒక సంగతి తేలింది. అమెరికాలో పాత కార్లు పోగుచేసే కోటీశ్వరుడి దృష్టిలో ఈ కార్లకి విలువ తక్కువ. అసలు భాగాలేవీ లేవు కదా! కాబట్టి వీటిని దాచుకుంటే ధర పెరుగుతుందనే ఆశ కూడా ఏమీ లేదు. మరి?

పెదనాన్న ఇచ్చిన తాళాలు

ఆ "మరి"కి జవాబు ఒక నీలిరంగు షెవర్లే బెల్ ఎయిర్‌లో దొరికింది. 1955 మోడలు, రెండు తలుపులు, గుడ్డ టాపు, ఎర్ర రెక్సిన్ సీట్లు. అసలు సిసలు ఓపెన్ కారు. నడిపే పెద్దాయన వయసు 63. "కారూ నేనూ ఒక ఈడువాళ్ళం" అని పరిచయం చేసుకున్నాడు. పక్క సీట్లో 28 ఏళ్ళ కొడుకు. ఇంజనీరు. ఇంగ్లీషు వచ్చు. ఆ వారం సెలవు పెట్టి తండ్రికీ టూరిస్టులకీ దుబాసీ పని చేస్తున్నాడు. ఆఫీసులో నెలకొచ్చే జీతం కన్నా ఆ వారంలో వచ్చే టిప్పులే ఎక్కువట!

నన్ను చూసి పెద్దాయన "హిందూ?" అన్నాడు. మతం కాదు లెండి, అక్కడ ఇండియావాళ్ళందరినీ అలాగే అంటారు. నేను జర్నలిస్టునని తెలిశాక, గంట షికారు కాస్తా మూడు గంటలైంది. డబ్బు మాత్రం గంటకే తీసుకున్నాడు.

కారు కొన్నది ఆయన కాదు, ఆయన తండ్రి కూడా కాదు. తండ్రికి అన్నగారు. 1961లో ఆ పెదనాన్న భార్యాపిల్లల్ని తీసుకుని మయామీ వెళ్ళిపోయాడు. వెళ్ళే ముందు కారు తమ్ముడి పేరు మీద రాయించి, తాళాలు చేతిలో పెట్టి, "ఆర్నెల్లలో వచ్చేస్తా, చూస్తూ వుండరా" అన్నాడు. ఆ రోజుల్లో వెళ్ళినవాళ్ళందరూ అంతే, ఆర్నెల్లలో అన్నీ సర్దుకుంటాయనుకున్నారు.

ఆర్నెల్లు 18 ఏళ్ళయింది! బయటికి వెళ్ళినవాళ్ళు చుట్టపుచూపుగా రావచ్చని సర్కారు ఒప్పుకున్నాక, 1979లో పెదనాన్న వచ్చాడు. జుట్టు తెల్లబడింది. ఇంట్లో ఎవరినీ పలకరించకుండా ముందు వీధిలోకి వెళ్ళి కారులో కూర్చున్నాడట. స్టార్టు చెయ్యమంటే చెయ్యలేదు. స్టీరింగు మీద చేతులు పెట్టుకుని కాసేపు కూర్చుని లేచి వచ్చి, "సీట్లు బాగానే వుంచావురా" అన్నాడు తమ్ముడితో. అంతే. మళ్ళీ రాలేదు. 1990లలో మయామీలోనే పోయాడు.

"ఆ ఒక్క మాట కోసం మా నాన్న మిగతా జీవితమంతా ఆ సీట్లకి గుడ్డ కప్పే వుంచాడు" అన్నాడు పెద్దాయన.

రెండు పందులు, ఒక సైకిలు

1991లో సోవియట్ యూనియన్ కూలిపోయింది. క్యూబాకి వచ్చే నూనె ఆగిపోయింది. ఆ రోజుల్ని అక్కడ "ప్రత్యేక కాలం" అంటారు. పేరు ఎంత సుతారంగా వుందో, రోజులు అంత ఘోరంగా వుండేవి. బస్సుల్లేవు, కరెంటు లేదు, తిండి లేదు. చైనా నుంచి తెప్పించిన సైకిళ్ళ మీద వూరంతా తిరిగింది. జనం మేడల మీద, స్నానాల గదుల్లో పందుల్ని పెంచుకున్నారు.

కారుని ఇటుకల మీద ఎత్తిపెట్టారు. నాలుగేళ్ళు కదల్లేదు. అప్పుడు పక్క వీధి మనిషి ఒకడు బేరానికి వచ్చాడు. రెండు పందులు, ఒక సైకిలు ఇస్తాను, కారు ఇమ్మని!

మీరు నవ్వకండి. ఆ సంవత్సరాల్లో రెండు పందులంటే ఒక కుటుంబానికి ఏడాది ధైర్యం. "మా అమ్మ ఒప్పుకోమంది. నా భార్య కాళ్ళు పట్టుకుంది. మా నాన్న ఒప్పుకోలేదు. అమ్మ మూడు నెలలు ఆయనతో మాట్లాడలేదు" అన్నాడు పెద్దాయన. కొడుకు ఆ మాట ఇంగ్లీషులోకి మారుస్తూ, తన మాటగా ఇంకొకటి కలిపాడు. "నేను అప్పుడు పసివాణ్ణి. నాకు పాలు లేవు, కానీ కారుకి గుడ్డ వుంది."

తండ్రికి ఇంగ్లీషు రాదనుకుంటున్నాడు కాబోలు. తండ్రి అద్దంలోంచి కొడుకు వైపు చూశాడు. ఏమీ అనలేదు.

తర్వాత ప్రయివేటు టాక్సీలకి లైసెన్సులు వచ్చాయి. కారు ఇటుకలు దిగింది. ఆ పసివాడి చదువు, చెల్లెలి పెళ్ళి, ఇంటి రిపేరు, ముసలమ్మ మందులు... అన్నీ ఆ స్టీరింగు మీద నుంచే వచ్చాయి. ఇవాళ ఆ ఒక్క కారు మీద నాలుగు ఇళ్ళు నడుస్తున్నాయి. ఈయన ఇల్లు, రెండో షిఫ్టు నడిపే డ్రైవరు ఇల్లు, మెకానిక్ ఇల్లు, టాపు కుట్టే దర్జీ ఇల్లు.

తండ్రీ కొడుకుల తగాదా

నేను కూర్చున్న రోజున ఆ కారులో నడుస్తున్న తగాదా కొత్తది. ఎవరో 40 వేల డాలర్లు ఇస్తానన్నాడట. కొడుకు అమ్మేద్దామంటాడు. ఆ డబ్బుతో తను బయటి దేశం వెళతాడు, నిలదొక్కుకుని అందర్నీ చూసుకుంటాడు.

"ఇందులో పెదతాత కారు ఏం మిగిలిందని? ఇంజను ఆయనది కాదు, బ్రేకులు ఆయనవి కావు, గేర్‌బాక్స్ ఆయనది కాదు. స్పీడ్ మీటరు నేను పుట్టక ముందే చచ్చింది!" అన్నాడు కొడుకు.

తండ్రి కారు పక్కకి తీసి ఆపాడు. నా వైపు తిరిగి, కొడుకుని అనువదించమని సైగ చేసి నెమ్మదిగా చెప్పాడు. "ఇంటికి పెంకులు మారుస్తాం. తలుపులు పుచ్చితే తలుపులు మారుస్తాం. అయినా తాతగారి ఇల్లనే అంటాం కదా నాయనా? 40 వేలు ఎన్నాళ్ళుంటాయి? అవి అయిపోయిన రోజున మావాడు మయామీలో ఎవరి తలుపు కొడతాడు? పెదనాన్న పిల్లల తలుపు కొట్టాలి. కారు అమ్ముకుని వచ్చానని చెబుతాడా వాళ్ళతో?"

కొడుకు అంతా అనువదించాడు. చివరి వాక్యం దగ్గర మాత్రం గొంతు తగ్గించాడు.

నాకు అప్పుడు అర్థమైంది. నేను పార్కు దగ్గర వేసిన గంట లెక్క, జీతం లెక్క అబద్ధం కాదు గానీ, అది ఈ పదేళ్ళ లెక్క. ఈ కారు దానికి ముందు 50 ఏళ్ళు పైసా సంపాదించకుండా, పైగా ఇంట్లో తిండి తినేస్తూ బతికింది. ఆ 50 ఏళ్ళూ దాన్ని వుంచింది డబ్బు కాదు కదా. మొదట చట్టం వుంచింది, తర్వాత వేరే గతి లేక వుంచారు. వుంచగా వుంచగా చేతులకి పని వచ్చింది, ఆ పని అన్నం పెట్టింది. వీటన్నిటి అడుగున, ఎవరో తిరిగి వచ్చి చూస్తారన్న మాట ఒకటి వుండిపోయింది. పార్కు ముందు నిలబడ్డ కార్లన్నిటికీ ఇలాంటి కథే వుందనను. కానీ ఏ కారు యజమానిని కదిపినా, ముందు ఎవరి పేరు చెబుతాడో వినండి. ఇంజను పేరు చెప్పడు. తాత పేరో, మామ పేరో చెబుతాడు.

అన్నట్టు, విన్ డీజిల్ సినిమా గురించి కూడా అడిగాను పెద్దాయన్ని. చూశాడట. "కారుని సముద్రంలోకి వదిలేసినవాడు క్యూబావాడు కాలేడు" అని తేల్చేశాడు!

ఆ తరువాత...

నేను తిరిగి వచ్చాక ఆ కుర్రాడు ఫోనులో అప్పుడప్పుడు కబురు పంపుతూనే వున్నాడు. మంచి కబుర్లు తక్కువ.

2019 జూన్‌లో అమెరికా ప్రభుత్వం తమ టూరిస్టు ఓడలు క్యూబా వెళ్ళకూడదని ఆపేసింది. 2020లో కరోనా వచ్చి విమానాలూ ఆగిపోయాయి. పార్కు అంచున పట్టుచీరలు మాయం! నీలి బెల్ ఎయిర్ మళ్ళీ గుడ్డ కప్పుకుని పడుకుంది. 2024 మార్చి 1న పెట్రోలు లీటరు 25 పెసోల నుంచి 132 పెసోలకి ఎగిరింది. ఆ అక్టోబరులో దేశమంతా కరెంటు పోయి చీకటైపోయింది. 2022, 2023 రెండేళ్ళలోనే పది లక్షల మందికి పైగా దేశం వదిలి వెళ్ళారని క్యూబా అధికారులే 2024లో చెప్పారు. ఇల్లు, కారు, ఫ్రిజ్జు... ఏది వుంటే అది అమ్ముకుని టిక్కెట్టు కొన్నవాళ్ళు లెక్కలేనంతమంది.

మన ఇంజనీరు కూడా 2022లో వెళ్ళాడు. కారు అమ్మారా అని నేను అడగడానికి జంకుతూంటే, తనే రాశాడు. అమ్మలేదట. టిక్కెట్టు డబ్బు పంపింది మయామీలోని పెదతాత పిల్లలు! తండ్రి వాళ్ళని ఏమీ అడగలేదు, వీడే వాళ్ళకి కారు ఫోటో పెట్టి, వివరం రాశాడు. 1961లో ఆ కారు వెనక సీట్లో కూర్చుని విమానాశ్రయానికి వెళ్ళిన చిన్నపిల్ల ఒకామె వుంది. ఇప్పుడు డెబ్భై ఏళ్ళ ముసలావిడ. వీణ్ణి తీసుకువెళ్ళడానికి ఎయిర్‌పోర్టుకి వచ్చి, ప్రయాణం ఎలా జరిగిందని కూడా అడగకుండా మొదట అడిగిందట.

"సీట్లు ఇంకా ఎర్రవేనా?"

వీడు అవునన్నాడట. అనగానే ఏడ్చేసిందట. కారు గురించి ఇన్నాళ్ళు తండ్రితో పోట్లాడిన కుర్రాడు, ఇప్పుడు మయామీలో ఒక వర్క్‌షాపులో పనిచేస్తున్నాడు. నెలనెలా తండ్రికి డబ్బుతో పాటు, ఎవరైనా వూరెళుతూంటే వాళ్ళ సూట్‌కేసులో ఒక చిన్న పొట్లం పంపుతున్నాడు. ఒక నెల బ్రేక్ ఆయిల్. ఒక నెల స్పీడ్ మీటరు కేబులు. 60 దాటిన కారుకి స్పీడ్ మీటరు మళ్ళీ పనిచేస్తోందని తండ్రి వీడియో తీసి పంపాడట. ముల్లు 40 దాటలేదు. దాటనివ్వడు ఆయన!

కాబట్టి, ఈసారి ఏ సినిమాలోనైనా హవానా సముద్రం పక్కన ఓపెన్ కారు కనబడితే, హీరో హీరోయిన్లని కాసేపు వదిలిపెట్టండి. ముందు తలుపులు లెక్కపెట్టండి, రెండా నాలుగా అని. తర్వాత పాట అయ్యాక షాటు కట్ కాకముందు, దూరంగా నిలబడి చేతిలో గుడ్డ పట్టుకుని చూస్తున్న మనిషెవరైనా వున్నాడేమో వెతకండి. కారు ఆయనదే. ఉప్పుగాలిలో తిప్పారు కదా, రాత్రికి మంచినీళ్ళతో కడుక్కోవాలి పాపం!